ఆకు తిప్పి చూపియ్యాలె

యేసమ్మ పెరట్ల జామచెట్టు నల్లబడ్డది. ఆమె పెనిమిటి ఆమోసు బొగ్గుబాయిల కూలీల పానాలకు కాపలా ఉండే సర్దారుగ చేసి రిటైరైనోడు. నలుపు కనబడితె ఆయనకు తోచేది ఒక్కటే.

"దుమ్మే! గోదావరిఖనిల తెల్లగోడ ఎన్నడన్న తెల్లగున్నదా?" అనుకుంట పొద్దుమాపు పైపు పట్టి చెట్టుకు తానం పోసిండు. కడిగినకొద్దీ నలుపే.

ఆదివారం చర్చిల కోతల పండుగ, పండినదాంట్ల కొంత దేవునికి పెట్టే రోజు. ఇల్లు కట్టుకున్న కాన్నుంచి యేసమ్మ ఆ చెట్టు అంటుమొక్క పట్టుకపోని పండుగే లేదు. ఈసారి కుండీలల్ల మొక్కలూ నల్లగనే ఉన్నయి. ఒట్టి చేతుల్తోని దేవుని ముంగట ఎట్ల నిలబడాలె అని ఆమెకు బుక్క దిగుతలేదు.

పక్కింటి నజీర్ బిడ్డ సుమయ్యా తోటల శాఖల ఆఫీసరు. యేసమ్మ పిలిస్తె వచ్చి, ఆకు తిప్పింది. అడుగున తెల్లటి దూది, ముగ్గు పెట్టినట్టు మెలికలు మెలికలు.

"దుమ్మైతె మీద పడ్తది గని అడుగున పడ్తదా కాకా? ఇది తెల్లదోమ. అది కార్చే జిగట మీద బూజు పట్టి నల్లగైతది."

"ఓరి నీ! ఇన్నొద్దులు దోమలకు తానం పోసిన్నా!" ఆమోసు నెత్తి కొట్టుకున్నడు.

"మరి ఈ పురుగున్న మొక్కలు చర్చికి తీస్కపోతె సర్కారోళ్లు పట్టుకుంటరా బిడ్డా?" యేసమ్మ ఫికరు ఆమెది.

"పురుగులన్నీ ఒక్క తీరు కావు చిన్నమ్మా. దేశంలకే రానివి ఉంటయి, వాటిని ఓడరేవుల్నే ఆపుతరు. కొన్ని తావుల్నే ఉన్నవి ఉంటయి, ఆడికెళ్లి మొక్క కదలనియ్యరు. ఇదైతె అంతట పాకింది, అడిగెటోడు లేడు. మనమే ఆపుకోవాలె. వేపనూనె కొట్టుండ్రి. కాయలు కడిగి తీస్కపోండ్రి, మొక్క మాత్రం కదలొద్దు."

"అడిగెటోడు లేడంటివి గద, ఒక్కటంటె ఒక్కటి..."

"వద్దు!" ఆమోసు లేచి నిలబడ్డడు. "బాయిల నిప్పు రాజుకున్న దారికి గోడ కట్టి మూస్తం. ఒక్క బొక్క ఇడిచినమా, అందరం పోతం." గప్పుడే రెండు కట్టెలు చెట్టు ముంగట అడ్డంగ కట్టి, ఎర్రగుడ్డ తగిలిచ్చిండు, బాయిల డేంజరు పెట్టినట్టు.

"నీ సర్దారుతనం మండ! నా చెట్టును దొంగలెక్క కట్టేసినవు గదయ్యా," అని ఏడ్చింది యేసమ్మ.

ఆదివారం ఆమె ఒక్క ఆకు లేకుండ, కడిగిన కాయల గంప నెత్తిన పెట్టుకొని, తల వంచుకొని పోయింది, ఎనుకనే ఆమోసు. చర్చి గేటుకాడ కమాన్‌పూర్ సారవ్వ ఎదురొచ్చింది, చేతిల జామ అంటుమొక్క.

"అక్కా, ఎన్కట నువ్వు ఇదే పండుగల నాకు మొక్క ఇచ్చినవే, అది చెట్టైంది, దానికి కట్టిన అంటు ఇది. మీ చెట్టుకు పానం బాగలేదన్నరు. దేవుని ముంగట నువ్వే పెట్టు."

యేసమ్మ చెయ్యి చాపింది. నడుమల ఆమోసు అడ్డమొచ్చిండు.

"ఆగు సారవ్వా. ముందుగాల ఆకు తిప్పు."

ఎనుక జనం ఆగిపోయిన్రు. "జల్ది కానియ్ కాకా, పాట మొదలైంది," అని ఒకటే కేకలు. ఆయన ఏ ఆకునూ ఇడువలే, కండ్లద్దాలు పెట్టుకొని మరీ చూసిండు. ఆఖరుకు పాస్టరుగారి చేతిల పూలగుత్తి గుడ అందుకొని తిప్పిచూసి, "ఏడ దూది లేదు, ఇగ పోండ్రి," అన్నడు.

యేసమ్మ ఆ మొక్కను రొమ్ముకు అదుముకున్నది. "నేనిచ్చిందే నాకు ఎదురొచ్చింది సారవ్వా," అని ఏడ్సుకుంట నవ్వుకుంట లోపలికి నడిసింది.