గవరమ్మ ఆప్షన్లు

జంగ్లీఘాట్‌లో పొద్దున్నే చేపలమ్మి గంప దించాక గవరమ్మ చేసే మొదటి పని కాళ్ళు కడుక్కోవడం. రెండో పని మణికుమార్ షెడ్డుకెళ్ళి జహాజ్ ఆట ఆడడం. ఆ తర్వాతే ఇల్లూ, పొయ్యీ, గంజీ. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కసురుకునేది. నలభై దాటిన ఆడమనిషి, మొగుణ్ణి సముద్రానికిచ్చేసిన మనిషి, మిషను ముందు నిలబడి బొత్తాలు నొక్కుకోవడమేంటని మొదట్లో సందు సందంతా నవ్వింది. నవ్వి నవ్వి ఊరుకుంది. ఎన్నాళ్ళని నవ్వుతారు, ఎవరి పనులు వాళ్ళకుంటాయి కదా.

మణికుమార్ బోటింజన్ల మెకానిక్కు. ఈ దీవుల్లోనే పుట్టిన తెలుగువాడు. పెళ్ళి మాట ఎత్తకుండానే సగం జుట్టు నెరిపించుకున్నాడు. వండూర్‌లో ఏదో హోటలు మూసేస్తుంటే, టూరిస్టుల పిల్లల కోసం పెట్టిన బీరువా అంత ఆట మిషను తుక్కులోకి పోతోందని తెచ్చి, విప్పి, బాగుచేసి షెడ్డులో ఒక మూల నిలబెట్టాడు. ఎందుకంటే అతనికీ తెలీదు. పిల్లలొచ్చి ఒకసారి చూసి మళ్ళీ తమ ఫోన్లలో తల దూర్చేశారు. మొగుడి డింగీ పడవ ఇంజను బాగుచేయించుకోడానికొచ్చిన గవరమ్మ మాత్రం ఆ తెర ముందు అలా నిలబడిపోయింది.

ఆట నేర్చుకోవడం తేలికే, అందులో బతకడమే కష్టం. తెరంతా నల్లటి ఆకాశం. ఎడం పక్క నుంచి చిన్న జహాజ్, ఎగిరే ఓడ, ఒకటి బయల్దేరి కుడి పక్కకి పోతుంటుంది. ఆకాశం దానంతటదే వెనక్కి జరిగిపోతుంది, ఆగమంటే ఆగదు. ఎదురొచ్చినవాటిని కాల్చుకుంటూ పోవాలి. ఎర్రవాటిని కాలిస్తే బిళ్ళలు రాలతాయి. అవి ఏరుకుంటే తెర అడుగున ఇంగ్లీషు మాటలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసిన మాట వెలిగినప్పుడు బొత్తం నొక్కితే అది మన సొంతం. వేగం, బాంబు, పెద్ద తుపాకీ, అన్నీ ఉన్నాయి. గవరమ్మకి చదువు రాదు.

"ఇదేటి మిస్త్రీ?" అని ఒక మాట మీద వేలు పెట్టింది.

"ఆప్షన్, దీదీ."

"అంటే?"

"అంటే... దేఖో." అతనే నొక్కి చూపించాడు. జహాజ్ వెనకాల ఒక నిప్పుముద్ద పుట్టింది. జహాజ్ పైకెళ్తే కాసేపాగి అదీ పైకెళ్ళింది. కిందికొస్తే కాసేపాగి అదీ కిందికొచ్చింది. "నువ్వు పోయిన దారిలోనే వెనకాల వస్తాది. నువ్వాగితే అదెక్కడుంటే అక్కడే ఆగిపోతాది. బస్, అంతే."

"అయితే ఒంటిగా ఎల్లక్కర్నేదన్నమాట," అంది గవరమ్మ. ఆ రోజు నుంచి తుపాకీలూ బాంబులూ ఆవిడకి పట్టలేదు. బిళ్ళ దొరికితే ఆప్షనే.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న జహాజ్ ఒక్కసారీ పేలిపోకుండా ఆట చివరిదాకా వెళ్ళింది. ఇంటికి పోతుంటే వెనకాలే ఒక వెలుగు వచ్చింది. నిమ్మపండంత ఉంది, రాజుకున్న బొగ్గు రంగు, నడుమెత్తులో తేలుతోంది. మర్నాడు దాని వెనకాల ఇంకోటి.

సందులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పక్కింటి యర్రమ్మ మాత్రం, "ఓలమ్మ, నీ ఆప్షన్లు నానారేసిన చీరల్లోంచి దూరిపోతన్నాయి, కాలిపోవు కదా?" అని అడిగింది. కాలవని తెలిశాక ఆవిడా ఊరుకుంది. పైగా కరెంటు పోయినప్పుడల్లా, "గవరమ్మా, రెండడుగులు ముందుకేసి నిలబడవే, వెనకది మా వంటింటి కాడికొస్తాది," అని కేకేసేది. గవరమ్మ విసుక్కుంటూనే నిలబడేది. యర్రమ్మ ఆ వెలుగులో చేపల పులుసు దించుకునేది.

అంతవరకూ బాగానే ఉంది. గొడవంతా ఆ రెండోదాంతోనే వచ్చింది. మొదటిది బుద్ధిగా కొంగు పట్టుకున్నట్టు వచ్చేది. రెండోదానికేం పుట్టిందో, రోజురోజుకీ వెనకబడిపోసాగింది. పోగా పోగా గవరమ్మ ఇల్లు చేరి గంజి ముందు చతికిలబడితే, అది సరిగ్గా మణికుమార్ షెడ్డు గుమ్మంలో చతికిలబడేది. ఈవిడ లేచేదాకా అదీ లేవదు.

"నీ ఆప్షను మిస్త్రీ ఇంట కాపురం పెట్టీసిందే!" అంది యర్రమ్మ.

"నాకేటి తెలుసు? దాన్నే అడుగు," అని గవరమ్మ తలుపేసుకుంది. నిజంగానే ఆవిడకి తెలీదు. ఆట కోసం వెళ్తున్నానా, అతను చెయ్యి తుడుచుకుని "రా దీదీ" అనే ఆ మాట కోసం వెళ్తున్నానా? ఆట కోసమే అనుకుంటే, మిషను చెడిపోయిన రోజు కూడా ఎందుకు వెళ్ళినట్టు? ఎంత ఆలోచించినా చిక్కు విడలేదు.

మణికుమార్ సంగతి ఇంకా అయోమయం. మిషను వెనక రేకు విప్పి తీగలన్నీ తడిమి చూశాడు. రెండో నిప్పుముద్ద అంత వెనకబడాలని అందులో ఎక్కడా లేదు. ఒకరోజు గుమ్మంలో వెలుగుండగా ఇంజను బయటికి తియ్యాల్సొచ్చి, గవరమ్మ ఇంటికొచ్చాడు.

"దీదీ, కొంచెం అటు జరుగుతావా? ఇంజను..."

"నన్ను దీదీ అనకు!"

అతను బిత్తరపోయాడు. ఈ దీవుల్లో చేపలమ్మేవాళ్ళ నుంచి ఆఫీసుల్లో మేడమ్‌ల వరకూ ఆడవాళ్ళంతా దీదీలే, అక్కలే. "మరేమనాలి?"

"నాకేటి తెలుసు!" అని కసిరింది, పాపం ఏడుపొక్కటే తక్కువగా. ఆనాటి నుంచి అతను ఆవిణ్ణి అసలు పిలవడమే మానేశాడు. ఏదైనా చెప్పాలంటే దగ్గేవాడు. గవరమ్మకి అదీ కోపమే.

ఈ కబురు సందు దాటి, రోడ్డెక్కి, బస్సులో ఒక పూట పట్టే రంగత్ బజారుదాకా వెళ్ళింది. అక్కడ దుకాణం పెట్టుకున్న ఆవిడ అన్న పోలిరాజు బస్సెక్కి వచ్చేశాడు.

"నీకు ఆప్షన్లుంటే ఉన్నాయి, నానేటన్లేదు," అన్నాడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి. "అవి ఎవరి గుమ్మంలో నిలబడతన్నాయన్నదే నా బాద. మా ఇంటికొచ్చీ. పిల్లల్ని చూసుకుంటా మాతో ఉండిపో. ఇంక నీకు వేరే ఆప్షన్ నేదు."

"రెండున్నాయి కదన్నియ్యా," అంది గవరమ్మ.

పోలిరాజు నవ్వలేదు. గవరమ్మ కూడా నవ్వుదామనుకుని మానేసింది. భయమేసింది ఆవిడకి. మణికుమార్ నుంచి ఒక్క మాట లేదు. ఈ వయసులో తనే వెళ్ళి అడిగితే, అతను "అదేం లేదే" అంటే? ఆ సిగ్గు ఎవరు మోస్తారు? రంగత్ నయం. సరేనంది.

మర్నాడు ఉదయం మూటాముల్లె పోలిరాజు మోసుకుని ముందు నడిచాడు. మెయిన్ రోడ్డుకి వెళ్ళాలంటే షెడ్డు ముందు నుంచే దారి. గవరమ్మ గుమ్మంలో ఆగింది. మణికుమార్ ఇంజను కింద నుంచి తల బయటపెట్టాడు.

"ఎల్తన్నాను మిస్త్రీ. రంగత్. ఉండిపోడానికి."

"అచ్ఛా," అన్నాడు.

అచ్ఛా అంటే మంచిదనా? అలాగా అనా? అయ్యో అనా? ఈ దీవుల్లో ఆ ఒక్క మాటతో పెళ్ళిళ్ళూ అవుతాయి, తగాదాలూ తీరతాయి. గవరమ్మ కాసేపు చూసింది. వెళ్ళిపోయింది.

రోడ్డు మీద బస్సు ఆగి ఉంది. పోలిరాజు సామాను పైకెక్కించి తనూ ఎక్కేశాడు. గవరమ్మ కమ్మీ పట్టుకుని, ఊరికే వెనక్కి చూసింది. మొదటి వెలుగు కొంగు దగ్గరే ఉంది. రెండోది తిన్నని సందు పొడుగునా దూరంగా, ఇందాక ఆవిడ నిలబడ్డ చోట, షెడ్డు గుమ్మంలో ఉంది. ఈ కాలు మెట్టు మీద పెడితే అది గుమ్మం దిగేస్తుంది. బస్సు కదిలితే సందు దాటేస్తుంది. ఇంకెప్పుడూ ఆ గుమ్మంలో నిలబడదు.

"దీదీ, చఢో, జల్దీ!" అన్నాడు కండక్టరు.

గవరమ్మ కాలు లేవలేదు.

"ఎక్కవే!" అని పోలిరాజు కిటికీలోంచి అరిచాడు.

"ఉండన్నియ్యా. నాను కదిల్తే అది కదిలిపోతాది."

"కదిల్తే కదిల్నాది! నీకేటి?"

"నాకిష్టం నేదు," అంది గవరమ్మ. అనేశాక తనే ఆశ్చర్యపోయింది. ఇన్నాళ్ళూ ఎంత వెతికినా దొరకని మాట ఇంత చిన్నదా అనుకుంది. "నాకిష్టం నేదన్నియ్యా."

డ్రైవరు హారను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. సామాను బస్సు మీదుంది, చెల్లెలు రోడ్డు మీదుంది. ఎటూ తేల్చుకోలేక పోలిరాజు తలుపు దగ్గర తిట్టుకుంటుండగానే బస్సు అతన్ని పట్టుకుపోయింది.

షెడ్డులో మణికుమార్ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. వెలుగు వచ్చింది. ఇప్పుడు దాటిపోతుంది, దాటిపోయాక మళ్ళీ పనిలో పడదాం అనుకున్నాడు. అది దాటలేదు. బస్సు హారను వినిపించింది, బస్సు వెళ్ళిన చప్పుడూ వినిపించింది. వెలుగు గుమ్మంలోనే ఉంది. అతను పానా కింద పడేసి, వెలుగు పక్కనుంచి తప్పుకుని, చేతుల నిండా గ్రీజుతో సందులో పరుగులాంటి నడక నడిచాడు.

గవరమ్మ రోడ్డు పక్కన కట్టుబట్టలతో, కొయ్యలా నిలబడి ఉంది.

"బస్సు?" అన్నాడు.

"ఎల్లిపోనాది."

"మరి నువ్వు?"

"నాను కదిల్తే అది నీ గుమ్మంలోంచి ఎల్లిపోతాది. అందుకని..."

మణికుమార్ గుమ్మం వైపు తిరిగి చూశాడు. తర్వాత ఆవిణ్ణి చూశాడు. ఈసారి దగ్గలేదు.

"అది పోతే పోనీ," అన్నాడు. "నువ్వొచ్చీ."

గవరమ్మ అడుగేసింది. అక్కడ షెడ్డు గుమ్మంలో వెలుగు కదిలి సందులోకి వచ్చేసింది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.