కుండ మనిషి వెలగలేదు

“అంత బలమున్న బండి మనకెందుకు నాయనా? దాంట్లో ఏదన్నా లోపం ఉంటే మనకెవరు చెప్తారు?”

ఒంగోలులో సుగుణమ్మ తన కొడుకు ప్రణీత్‌తో ఈ మాట అన్నప్పటికి నన్ను చూడనేలేదు. నా రంగేమిటో కూడా ఆమెకు తెలియదు. ఫోను అవతలి వైపు ఆమె తమ్ముడు శ్రీహరి ఉన్నాడు. అతనికి విజయవాడలో పాత కార్లు కొని అమ్మే షెడ్డు ఉంది. నేను ఆ షెడ్డులో, అతని చెయ్యి నా బానెట్ మీద ఉండగా, ఆ మాట విన్నాను.

“నేనున్నాను గదక్కా, నేను చెప్పనూ?” అని నవ్వాడు శ్రీహరి.

నేను ఒక కారును. ఊళ్ళో తిరిగే మామూలు కారును కాను. రెండే తలుపులు, వెడల్పాటి మూతి, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. నన్ను స్టార్ట్ చేస్తే పక్క వీధిలో పసిపిల్లలు నిద్రలేస్తారు. యాక్సిలరేటరు మీద కాలు కొంచెం గట్టిగా పడితే చాలు, కూర్చున్నవాళ్ళ వీపు సీటుకు అతుక్కుపోతుంది. మగపిల్లలకు నేనంటే ఎంత మోజో, వాళ్ళను కన్నవాళ్ళకు నేనంటే అంత గుబులు. ఇన్ని చేతులు మారాక నా మటుకు నాకు కన్నవాళ్ళదే న్యాయమనిపిస్తున్నది.

నన్ను సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో చేశారు. పని పూర్తయ్యే ముందు ఒక ఆడమనిషి నా స్టీరింగు నడుమ తెల్లటి సంచిని మడతపెట్టి అమర్చింది. పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు లోపల ఇంకోటి. వాటి పని బతుకులో ఒక్కసారే వస్తుంది. నేను దేన్నయినా గుద్దుకున్న క్షణాన రెప్ప వేసేలోగా ఉబ్బి, మనిషి తలను అరచేతుల్లో పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. ఆ సంచులు బాగున్నాయని చెప్పడానికి మీటరులో ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. కూర్చున్న మనిషి, ఒళ్ళో గుండ్రంగా ఏదో పెట్టుకున్నట్టు బొమ్మ. తాళం తిప్పగానే వెలిగి, నాలుగైదు క్షణాలుండి ఆరిపోతే అంతా క్షేమం. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఎవరో నా నోరు కట్టేశారని అర్థం. ఆ మూడో సంగతి నన్ను చేసినవాళ్ళు ఊహించి ఉండరు.

నా మొదటి యజమాని హైదరాబాదులో మాధవరెడ్డి అనే కాంట్రాక్టరు. ఆయన నన్ను నడిపిన దానికంటే తుడిచింది ఎక్కువ. ఆదివారం పొద్దున బయటికి తీసి, నా పక్కన నిలబడి ఫొటోలు దిగి, మళ్ళీ ముసుగు వేసేవాడు. రెండేళ్ళకు ఆయన మోజు గుర్రాల మీదికి మళ్ళింది.

తరవాత భీమవరంలో రొయ్యల చెరువులున్న విస్సంరాజు కొన్నాడు. ఆయనకు తుడవడం తెలియదు. చెరువుల వెనక ఖాళీ స్థలంలో నన్ను గిరగిరా తిప్పి, వెనక టైర్లు మాడి పొగలొస్తుంటే చూసి మురిసిపోయేవాడు. నాలాంటి కారు వెనక టైర్లు కొత్తవై, ముందువి పాతవైతే ఎవరో ఇట్లా ఆడుకున్నారని తెలుసుకోవాలి. ఒక వానాకాలం మధ్యాహ్నం, మేకల మంద అడ్డమొస్తే తప్పించబోయి నన్ను కల్వర్టు గోడకు కొట్టాడు. సంచులు రెండూ ఉబ్బాయి. ఆయన నుదుటి మీద గీత కూడా పడలేదు. దిగి వచ్చి, నలిగిన నా మూతి మీద చెయ్యి వేసి, “నా ప్రాణం నిలబెట్టావే తల్లీ” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మరుసటి వారం శ్రీహరికి అమ్మేశాడు. మనుషుల కృతజ్ఞతకు అంతకంటే ఎక్కువ ఆయుష్షు నేను చూడలేదు.

శ్రీహరి చెడ్డవాడని మొదట నాకు అనిపించలేదు. వంగిన నా ముందు భాగాన్ని గొలుసులతో లాగించి సరిచేయించాడు. సొట్టల మీద పుట్టీ పూయించి, రంగు వేయించాడు. చిరిగిపోయి వేలాడుతున్న సంచుల దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. కొత్తవి తెప్పించాలంటే చాలా నెలలు పడుతుందన్నారు షెడ్డులో. “ఎవరు విప్పి చూస్తార్లే” అని తనే ఆ చిరుగుల్ని కోసేసి, స్టీరింగు బోలులో పాత దిండు స్పాంజి కుక్కి, పైమూత అతికించాడు. డ్యాష్‌బోర్డు చీలికను రంగుతో కప్పాడు. ఇక ఎర్ర దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూ ఉంది. నేను చెప్పగలిగింది అదొక్కటే, దాంతోనే చెప్తున్నాను. మీటరు విప్పి దాని మీద నల్ల టేపు ముక్క అంటించాడు.

అతని కొడుకు నిఖిల్ ఒక రోజు కాలేజీ నుంచి వచ్చి నా చుట్టూ తిరిగాడు. “నాన్నా, ఒక్క రౌండు” అన్నాడు. శ్రీహరి తాళం జేబులో వేసుకుని, “దీని జోలికి రాబాకు” అన్నాడు. కొడుకు అలిగితే అన్నం దగ్గర బతిమాలుకున్నాడట గానీ తాళం మాత్రం ఇయ్యలేదు. అప్పుడే నాకు భయం వేసింది. తన పిల్లవాడికి ఇయ్యని దాన్ని ఎవరి పిల్లవాడి కోసం దాచాడో అనుకున్నాను.

ప్రణీత్ కోసం. చీమకుర్తి గ్రానైటు పలకలు ఊళ్ళకు తోలించే వ్యాపారం ఆ పిల్లవాడిది. దుమ్ములో పుట్టి పెరిగినట్టు ఎప్పుడూ రెప్పల మీద తెల్లటి పొడి. చదువుకునే రోజుల్నించి నాలాంటి బండి కావాలని కలగన్నాడు. ఎవరినో నమ్మి కొనేదానికంటే మేనమామ దగ్గర కొంటే మేలు గదా అని తల్లి చివరికి ఒప్పుకుంది. అంటే నన్ను కొనడానికి ఆమె ఒప్పుకోలేదు, తమ్ముణ్ణి నమ్మడానికి ఒప్పుకుంది.

సుగుణమ్మ గురించి శ్రీహరే షెడ్డులో పనివాళ్ళకు నవ్వుతూ చెప్పేవాడు. తల్లి మంచాన పడితే తొమ్మిదేళ్ళు పెద్దదైన ఆ అక్కే అతన్ని బడికి తీసుకుపోయేదట. రోడ్డు వైపు తను నడిచి, గోడ వైపు అతన్ని నడిపించేది. రాహుకాలం ఉంటే వాకిట్లోనే నిలబెట్టేది. పరీక్ష ఉన్నా సరే, గడియారంలో ముల్లు దాటాకే కాలు బయట పెట్టనిచ్చేది. “మా అక్కకు యముడన్నా అంత భయం లేదు, రాహుకాలమంటే వణుకు” అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ అప్పట్లో అది ముచ్చట అనుకున్నాను.

బండి చూడటానికి శ్రీహరి వాళ్ళను ఆదివారం సాయంత్రం అయిదింటికి రమ్మన్నాడు.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ సంగతి తెలిసి సుగుణమ్మ శనివారమే ఫోను చేసింది. “వేరే పూట లేదంటివి గదా. అట్టయితే నాలుగున్నర లోపలే బండి స్టార్ట్ చేసి ఉంచు. మేం వచ్చి చూసేదాకా ఆపబాకు. ముందే మొదలైన పనికి రాహుకాలం అంటదు.”

“అట్టాగేలే అక్కా, నువ్వు చెప్పాక ఆపుతానా?” అన్నాడు శ్రీహరి. ఫోను పెట్టేసి, ఈల వేసుకుంటూ నా అద్దం తుడిచాడు.

వాళ్ళ వెంట ఒంగోలు నుంచి మస్తాన్ అనే మెకానిక్కు వచ్చాడు. సుగుణమ్మ ఇంట్లోని పాత చిన్న కారును పదేళ్ళుగా చూస్తున్నవాడు. అతను నా దగ్గరికి రాగానే ముందు అరచెయ్యి బానెట్ మీద పెట్టి, మొహం చిట్లించాడు.

“బండి కాగిపోయుండాది. చల్లటి ఇంజన్ను చూడాలి సార్. వేడి ఇంజను అబద్ధం చెప్తది. ఆపేసి, ఒక గంటాగి స్టార్ట్ చేద్దాం.”

నా ప్రాణం లేచి వచ్చింది. ఆపితే చాలు. మళ్ళీ తాళం తిప్పితే దీపాలన్నీ వెలుగుతాయి, వెలగనిది ఏదో ఈ మనిషి కళ్ళకు దొరుకుతుంది. అప్పుడు సుగుణమ్మ నాకూ అతనికీ మధ్యకు వచ్చి నిలబడింది.

“ఆపబాకయ్యా మస్తానూ. ఆపి మళ్ళీ మొదలుపెడితే ఇప్పుడు మొదలుపెట్టినట్టే. నీకు దండం పెడతా, నడుస్తుండగానే చూడు.”

“అట్టా కాదమ్మా, చూసే పద్ధతి ఒకటుంటది...”

“నా కొడుకు కూర్చునే బండయ్యా.”

ఆ మాటకు మస్తాన్ ఒప్పుకుని, ఇంజను నడుస్తుండగానే చూశాడు. నిజం చెప్పాలంటే బాగానే చూశాడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి నా ఒళ్ళంతా ఆనించుకుంటూ పోయాడు. కుడి వైపు ముందు డొక్క మీద అది అంటుకోక జారి కింద పడింది. పుట్టీ ఉన్నచోట అయస్కాంతం నిలవదు. “పార్కింగులో గీసుకుందిలే” అన్నాడు శ్రీహరి. టైర్ల మీద అచ్చువేసిన తేదీలు చదివాడు. వెనకవి కొత్తవేంటని అడిగితే, “మన పిల్లోడి కోసమే మార్పించా” అని జవాబు. పెడల్ రబ్బరు ఎంత అరిగిందో తడిమాడు, వెనక నిలబడి పొగ రంగు చూశాడు. మీటరు దగ్గరికి వచ్చేసరికి దీపాలన్నీ ఎప్పుడో ఆరిపోయి ఉన్నాయి. నడిచే బండిలో ఆరిన దీపానికీ, నోరు కట్టిన దీపానికీ తేడా ఎవరికి తెలుస్తుంది? నేను ఎనిమిది సిలిండర్లతో మొత్తుకున్నాను. “అబ్బ, ఏం సౌండు మామా” అన్నాడు ప్రణీత్.

బేరం అయింది. గురువారం శ్రీహరి తనే నన్ను ఒంగోలు దాకా నడుపుకొచ్చాడు. ఆ నూట నలభై కిలోమీటర్లూ అతను యాభై దాటలేదు, బెల్టు విప్పలేదు. వాకిట్లో నా నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బానెట్ మీద పసుపు, కుంకుమ. సుగుణమ్మ వినాయకుడి బొమ్మ తెచ్చి ఎక్కడ పెట్టాలని అడిగితే, శ్రీహరి అందుకుని, రంగుతో కప్పిన ఆ చీలిక మీదే అతికించాడు. “ఇక్కడైతే స్వామి ఎదురుగా ఉంటాడక్కా.” ఆమె దణ్ణం పెట్టుకుంది.

తండ్రితో వచ్చిన నిఖిల్ నా తలుపు మీద చెయ్యి వేసి, “నువ్వు అదృష్టవంతుడివి బావా. మా నాన్న నన్నయితే దీంట్లో కూర్చోనివ్వలేదు” అన్నాడు. అందరూ నవ్వారు. సుగుణమ్మ కూడా నవ్వింది. కానీ కొంచెం ఆలస్యంగా.

మర్నాడు పొద్దున గుడికి పోదామని ప్రణీత్ తల్లిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తాళం తిప్పాడు. పిల్లవాడి కళ్ళు నా వేగం ముల్లు మీదే ఉన్నాయి. ఆమె కళ్ళు దీపాల మీద.

“పోనీమంటావా అమ్మా?”

“ఉండ్రా. కుండ మనిషి వెలగలా.”

“కుండ మనిషేంది?”

“మన పాత బండిలో వెలిగి ఆరిపోతది గదరా, ఒళ్ళో కుండ పెట్టుకుని కూర్చున్న ఎర్ర మనిషి. పదేళ్ళ నుంచి వాడు ఆరిపొయ్యాకనే గదా నిన్ను పోనియ్యమనేది. వాడు దీంట్లో లేడేం?”

“ఒక్కో బండికి ఒక్కో రకం ఉంటదిలేమ్మా. అయినా నీకు లేని భయమంటూ ఉందా?”

“ఆపు. నేను దిగుతా. నువ్వూ దిగు.”

నన్ను చేసినవాళ్ళు, కొన్నవాళ్ళు, సరిచేసినవాళ్ళు, నన్ను చూసి ముచ్చటపడ్డవాళ్ళు, ఇందరిలో ఎవరూ నన్ను అట్లా చదవలేదు. ఆమెకు నాలో ఎన్ని సిలిండర్లున్నాయో తెలియదు. ఎక్కడ వెలగాలో అక్కడ వెలగలేదని మాత్రం తెలిసింది. మీలో ఎవరైనా నాలాంటిదాన్ని కొనబోతే ఆమెలా కూర్చోండి. ఇంజను చల్లగా ఉండగా పోండి. తాళం మీరే తిప్పండి. ఎంత దగ్గరివాళ్ళది అయినా.

ఇప్పుడు నేను మస్తాన్ షెడ్డులో ఉన్నాను. స్టీరింగు మూత విప్పారు. దిండు స్పాంజి తీసి బల్ల మీద పెట్టారు. వినాయకుడి బొమ్మను సుగుణమ్మ జాగ్రత్తగా ఊడదీసి కొంగులో పెట్టుకుంది. కబురు అంది శ్రీహరి వచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు.

“నాకేం తెలుసక్కా. మా షెడ్డులో పనోళ్ళు చేసిన మోసం ఇది. నేను వాళ్ళ సంగతి చూస్తాగా.”

“నిఖిల్‌కు తాళం ఎందుకియ్యలేదురా?”

“వాడికింకా చేతకాదక్కా...”

“లైసెన్సు ఉందిగా మామా, రెండేళ్ళయింది” అన్నాడు ప్రణీత్.

మస్తాన్ స్క్రూలు విప్పుతూ మెల్లగా అన్నాడు. “ఆ రోజు ఒక్కసారి ఆపి స్టార్ట్ చేసుంటే అక్కడే దొరికేదమ్మా.”

“నేనే గదా ఆపనీలేదు” అంది సుగుణమ్మ. తన చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులతోనే ఆమె ఒకప్పుడు ఈ తమ్ముణ్ణి గోడ వైపుకు జరిపి నడిపించింది. తలెత్తింది.

“వారంలో ఏడు రోజులున్నాయి. ఆదివారం అయిదింటికే ఎందుకు రమ్మన్నావురా శ్రీహరీ?”

శ్రీహరి జేబులోంచి రుమాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. బయట గ్రానైటు లారీ ఒకటి పోతే షెడ్డు రేకులు అదిరి ఆగాయి. ప్రణీత్ ఏదో అనబోతే తల్లి చెయ్యెత్తి ఆపింది. మస్తాన్ నా మీటరు లోపలికి వేలు పెట్టి నల్ల టేపు ముక్కను గోటితో లాగేశాడు. తాళం తిప్పాడు. దీపాలన్నీ వెలిగాయి. ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒళ్ళో కుండ పెట్టుకున్న ఎర్ర మనిషి మాత్రం ఆరలేదు. ఇన్నాళ్ళకు నా మాట నేను చెప్పాను. అందరూ దాన్నే చూస్తున్నారు. శ్రీహరి కూడా దాన్నే చూస్తూ, అక్క మొహం చూడకుండా, అన్నాడు.

“నువ్వు బండి ఆపనియ్యవని తెలుసక్కా.”