చప్పిడి రొట్టె

తీజ్ బుట్ట పట్టమని మా యాడి రెండేళ్లు బతిమాలినా పట్టనిదాన్ని, ఈ ఏడు అడగకుండానే పట్టాను. మా తండాలో అమ్మను యాడి అంటాం. కూతురికి ఇన్నాళ్లకు భక్తి కుదిరిందని ఆమె ఇంటింటికీ చెప్పుకుని మురిసిపోయింది. భక్తీ లేదు, గిక్తీ లేదు. నాకు కావలసింది బరువు తగ్గడం.

కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. దానికోసం ఖమ్మం హాస్టల్లో నెలల తరబడి కూర్చుని చదివి, సాయంత్రమైతే మిరపకాయ బజ్జీలు లాగించి బాగా ఒళ్లు చేశాను. ఇప్పుడు పరుగు మిగిలింది. వయసు చూస్తే నాకు ఇదే ఆఖరి అవకాశం. ఇది పోతే పత్తి చేను, పెళ్లిచూపులు.

మణుగూరు గ్రౌండులో మాకు పరుగు నేర్పే బాలకృష్ణ సార్ మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. తిండి మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుందని ఆయన మొదటిరోజే చెప్పాడు. రాత్రి ఒక గరిటె అన్నం తగ్గించి ఆ చోట పప్పు, ఆకుకూర, ఉడికించిన గుడ్డు తినమన్నాడు. పరుగుకు ముందు మాత్రం రొట్టో అరటిపండో పడాల్సిందే. ఆయన చెప్పినట్టు చేస్తే బరువు తగ్గుతూనే ఉంది, కానీ నత్తనడక. నాకేమో ఓపిక నాస్తి. ఫోనులో ఒక సన్నటి పిల్ల కనిపించి, ఉప్పు మానేస్తే వారంలో తేడా మీకే తెలుస్తుందని నవ్వుతూ చెప్పింది. సరిగ్గా అప్పుడే తీజ్ వచ్చింది.

తీజ్‌లో పెళ్లికాని ఆడపిల్లలం పుట్టమన్ను నింపిన బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి నారు పెంచుతాం. అన్ని రోజులూ ఉప్పు, కారం, నీచు ముట్టకూడదు. చప్పిడి రొట్టె, బెల్లం. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయిపోతాయి కదా అని బుట్ట ఎత్తుకున్నాను. నా అంత తెలివైనది తండాలో ఉండదనుకున్నాను.

మూడో రోజుకే మందుల షాపు దగ్గరి బరువు తూచే మిషన్ మీద ముల్లు వెనక్కి వెళ్లింది. ఎగురుకుంటూ పోయి సార్‌కు చెప్పాను. సార్ నవ్వలేదు.

“గది కొవ్వు కాదు బిడ్డా, నీళ్లు. ఉప్పేసుకున్న రోజు మళ్ల వస్తయ్,” అన్నాడు.

ఆ మర్నాడు మబ్బు పట్టి ఒకటే ఉక్క. రెండో రౌండులో నా పిక్క రాయిలా బిగుసుకుపోయింది. గ్రౌండు మధ్యలో చతికిలబడి, అందరిముందూ కాలు పట్టుకుని ఏడ్చాను. సార్ నా కాలు చాపి రుద్దుతూ ఏం తింటున్నావని అడిగాడు. చెప్పాను. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్లు తాగుతున్నావా, పైగా పప్పు లేదు, గుడ్డు లేదు, ఇంజన్ దేనితో నడుస్తుందని తిట్టాడు. పరుగయ్యేదాకా ఉప్పు వేసుకుని తినాలి, లేదంటే గ్రౌండుకు రావద్దన్నాడు. ఖమ్మంలో పరుగు పరీక్ష తీజ్ ముగిసే ముందురోజే.

ఇంటికొచ్చి యాడికి జరిగింది చెప్పాను. చేతిలో పిండి పిసుకుతూనే విన్నది.

“గోధుమలు చల్లేటప్పుడు నిన్నెవలన్న కట్టేసిండ్రా?” అంది. “ఎత్తుకున్నంక దించుడు ఉండదు.”

మా బాపు కిషన్‌లాల్ బొగ్గు టిప్పర్ నడుపుతాడు. అంత పెద్ద బండిని మలుపు తిప్పే మనిషి, ఈ మాట దగ్గర మాత్రం ఇంటి కప్పు వైపు చూశాడు.

తండా కొట్లో ఓఆర్ఎస్ పొట్లం అడిగితే, బుట్ట పట్టినదానివి నీకెందుకని ముసలామె ఆరా తీసింది. నీళ్లకు పోతే, నాతోపాటు బుట్ట పట్టిన జమ్లి నా వాడిన ముఖం చూసి, ఎంత నిష్ఠగా ఉంటుందో చూడండని తోటి పిల్లలకు చూపించింది. మణుగూరులో ఎవరూ చూడరని ఒక హోటల్లో కూర్చుని ఇడ్లీ సాంబారు తెప్పించుకున్నాను. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. మేం పాడే పాటల్లో అందరి చేలు, అందరి అన్నదమ్ములు చల్లగా ఉండాలని కోరుకుంటాం. నియమం తప్పితే నారు ఎండి తండాకే కీడంటారు. రేపు ఎవరి ఇంట్లో ఏం జరిగినా ఆ ఇడ్లీయే గుర్తొస్తుంది. నమ్మకం లేదనుకున్నదాన్ని, నమ్మకం నా గొంతులోనే కూర్చుని ఉంది. తినకపోతే ఉద్యోగం పోతుంది, తింటే ఇంట్లో తలెత్తుకోలేను. బయటికి దారే కనిపించలేదు. ఇడ్లీ వదిలేసి వచ్చాను.

తెల్లారి యాడి రొట్టె, గిన్నెడు పప్పు ముందు పెట్టింది. తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు. పప్పులోనూ ఉప్పు, సరిపడా. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాను.

“ఏంది గట్ల చూస్తున్నవ్? ఉప్పు లేదు. తిను,” అంది.

తిన్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వంచిన తల ఎత్తకుండా తిన్నాను. ఆ తర్వాత రోజూ అదే రొట్టె, అదే మాట. ఖమ్మంలో పరుగుకు నా పిక్కలు మొరాయించలేదు. సమయంలోపే గీత దాటి పడిపోయినప్పుడు చేతిమీది చెమట నాలుకకు తగిలింది. ఉప్పగా ఉంది.

నారు కూడా అందరితోపాటు పచ్చగానే లేచింది. మర్నాడు బుట్టలు వాగులో కలిపి, ఏడ్చి, పాడి ఇంటికొచ్చాం. తండా అంతా మసాలా వాసన. నేను కారం కూర వేసుకుని కూర్చున్నాను. యాడి పొయ్యి పక్కన వేరే కంచంలో రొట్టె, బెల్లంముక్క పెట్టుకుని తింటోంది. పచ్చిమిరపకాయ కొరకనిదే ముద్ద దిగని మనిషి. కడుపు బాగాలేదని నాలుగైదు రోజులుగా ఇదే తిండని, రాత్రుళ్లు పిక్కలు పట్టేసి మూలుగుతోందని బాపు చెప్పాడు. పొద్దంతా పత్తి చేలో కలుపు తీసే మనిషి మరి.

ఆమె కంచంలోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. చప్పిడి.

“ఇంట్ల ఒక్కరన్న నిష్ఠల ఉండాలె గద,” అంది నా వైపు చూడకుండా.

“తీజ్ అయిపోయింది గద యాడీ. ఇంకెన్నొద్దులు?”

“నీ నౌకరి కాయితం వచ్చేదాక. మొక్కుకున్న.”

ఇంకా ఆఖరి రాతపరీక్ష ఉంది. తర్వాత ఫలితాలు, ఆ మీద ఎవరో ఒకరు కోర్టుకెక్కుతారు. ఆ కాగితం ఏ ఏటికొస్తుందో నాకే తెలియదు, ఆమెకేం తెలుసు? లేచి ఉప్పు డబ్బా తెచ్చాను. యాడి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.