నడుం మీదికి నెట్టిన నొప్పి

ఆ ఇంట్లో పొద్దున్నే మాత్రలు మింగేది కోడలు, నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేది అత్తగారు. పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పే ఆ కోడలికి పెళ్లయి అయిదేళ్లయినా ఇంకా పిల్లలు లేరు. ఎన్నోసార్లు రక్తం తీశారు, సూదులు పొడిచారు, స్కానింగులు చేశారు. వచ్చే సోమవారం పొట్టకు చిన్న కోత పెట్టి లోపల చూస్తారట. సిటీ బస్సు నడిపే కొడుక్కి రాసిన పరీక్ష చీటీ మాత్రం అతని చొక్కా జేబులోనే నలిగిపోయింది. అడిగితే డ్యూటీ అంటాడు. మగవాడికేం, గుండ్రాయిలా ఉన్నాడని ఇంట్లోవాళ్లూ ఊరుకున్నారు. పాఠకులారా, మన ఇళ్లలో మాత్రం ఇందుకు భిన్నంగా ఉందా?

అతనికి భార్యంటే ప్రాణం. ఆమె బడి ముందు స్టాపు లేకపోయినా బస్సు నెమ్మది చేసి, ఓసారి హారన్ కొట్టి మరీ వెళ్తాడు. అంత ప్రేమ ఉన్నవాడికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు.

కోతకు ఒప్పుకుంటూ భర్త సంతకం పెట్టాలన్నారని ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లారు. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరమ్మ కలం అందిస్తూ, "బాబూ, నీకెప్పుడైనా పెద్ద జబ్బు చేసిందా?" అని అడిగింది.

"లేదండీ."

తల్లి ఊరుకుంటుందా! "మావాడు ఉక్కుపిండమమ్మా. పెళ్లికి ముందోసారి గవదబిళ్లలొచ్చి దవడలు ఇంతింత వాచాయి, అంతే. అవి తగ్గుతుంటే మళ్లీ జ్వరం, నడుం పట్టేసింది. పాపం, కాళ్లు ఎడంగా పెట్టి నడిచేవాడు. పది రోజులు చేతులరిగేలా నూనె రాశాను."

డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంది. "నడుం పడితే కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తారా అమ్మా?"

డ్రైవరు ముఖం కందిపోయింది. భార్య ఆ కాగితం వైపే బెదురుగా చూస్తోంది. ఆమె మోచేతి వంపులో సూది గుచ్చిన చోట ఇంకా నల్లగా కమిలి ఉంది. అది చూసి అతని గుండె చెరువైంది.

"నడుం కాదండీ," అన్నాడు తలదించుకుని. "వృషణం వాచింది. అమ్మతో ఎలా చెప్పను? నొప్పి మాత్రలు కొనుక్కుని మింగాను. వాపు పోయింది, పీడా పోయిందనుకున్నాను."

"ఓరి నీ అసాధ్యం కూలా! పది రోజులు ఆ నడుం పిసికానే!" అంది తల్లి. భార్యకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "గవదబిళ్లల జబ్బు ఒక్కోసారి వృషణాలకూ పాకుతుంది బాబూ. దానితో పోరాడమని ఒంట్లో కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. పనయ్యాక అవి ఆగాలి. కొందరిలో ఆగవు. పైకి వాపు తగ్గినా లోపల అలాగే సాగితే, వీర్యకణాలు తయారయ్యే చోటునే దెబ్బతీయొచ్చు. నీకలా జరిగిందో లేదో పరీక్ష చేస్తేగానీ చెప్పలేను. జరిగినా దారులు లేకపోలేదు. ముందు నీ పరీక్ష కానీ. ఈ అమ్మాయికి కోత ఇప్పుడొద్దు." సంతకం లేని కాగితాన్ని వెనక్కి తీసుకుంది.

బయటికి వచ్చాక, "కోపమొచ్చిందా?" అన్నాడు అతను.

"వచ్చింది. నాతోనైనా చెప్పొచ్చుగా," అంది భార్య. అయినా అతని చెయ్యి వదల్లేదు.

తల్లి కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "నాకు చెప్పుకోవడానికి సిగ్గుపడేలా పెంచాను, ఆ తప్పు నాదేరా. కానీ ఒకటి విను. దాచుకున్న నొప్పి ఎక్కడికీ పోదు, మనల్ని ప్రేమించినవాళ్ల ఒంటి మీదికి చేరుతుంది. ఇన్నాళ్లూ నీ నొప్పిని ఈ పిల్ల మోసింది."