అసలు ఎత్తు

తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆటో ఎక్కినప్పటి నుంచి భార్గవికి కుదురు లేదు. నాలుగింటికి యూనివర్సిటీలో పార్థసారథి సార్ వీడ్కోలు ప్రసంగం. ఆయన బోర్డు మీద రాయబోయే అంకె తప్పు. ఆ తప్పు చేసింది, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న తనే.

ఆకాశంలో కొన్ని వందల కిలోమీటర్ల పైన రేడియో తరంగాన్ని వెనక్కి పంపే పొర ఒకటుంది. అది ఎంత ఎత్తునుంటే తరంగం అంత దూరాన దిగుతుంది. కింది నుంచి తరంగాన్ని పంపి, అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు కడతారు. అయితే పొరలో తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి, ఎత్తు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ ఎక్కువను తీసేయాలి. మార్చి సాయంత్రాల లెక్కలో భార్గవి ఈ పనే మరిచిపోయింది. దాంతో పొర డెబ్బై కిలోమీటర్లు పైకి లేచింది, దానితోపాటు గురువుగారి ఉత్సాహమూ లేచింది. ఈ సంగతి ఆమె కంటపడింది ఇవాళ మధ్యాహ్నమే. సార్ ఫోను ఎత్తడం లేదు. సన్మానం రోజున ఎవరు ఎత్తుతారు?

"ముంగట అంతా జామ్ ఉన్నది మేడం. గీడ దిగి నడుస్తే జల్ది పోతరు," అన్నాడు ఆటో అతను.

దిగి పరుగెత్తింది. చెప్పకపోతే ఎవరూ కనిపెట్టరు, వచ్చే నెల థీసిస్ ఇచ్చేయొచ్చు. చెబితే ఆఖరి రోజున, నిండు సభలో ఆయన పరువు పోతుంది. ఎటు ఆలోచించినా భయమే మిగిలింది.

హాల్లో అడుగుపెట్టేసరికి సార్ శాలువా కప్పుకుని, బోర్డు మీద మూడు వందల ఎనభై అని రాసి, కింద రెండు గీతలు గీస్తున్నారు.

"ఇది మా భార్గవి పట్టుకున్న సంగతి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" ఈ మాట అడగకుండా ఆయన ఏ క్లాసూ ముగించలేదు.

భార్గవి చెయ్యెత్తింది. "మార్చి లెక్కలో ఆలస్యం తీసేసినావా అని నన్ను అడగండి సార్."

"తీసేశావా అమ్మా?"

"లేదు సార్. అసలు ఎత్తు మూడు వందల పదే. ప్రతి నెలా ఉండేదే."

సార్ బోర్డు వైపు తిరిగారు. శాలువా కొంగుతో ఆ అంకెను తుడిచేశారు.

"ఈ తప్పుకే ముప్పై ఏళ్లు మార్కులు తగ్గించాను. నేనూ చూసుకోలేదు," అని, భార్గవి వైపు తిరిగారు. "థీసిస్ వచ్చే నెల కుదరదు. రేపు పదింటికి ల్యాబుకి రా, మొదటి నుంచి చూద్దాం."

"రేపటికి మీరు రిటైరయ్యింటారు కదా సార్."

"అవును, నాకు కుర్చీ ఉండదు. నువ్వే ఒకటి వెయ్యాలి."