ముందొచ్చిన చెప్పులు

ఫార్సీ క్లాసుకి తాయారు కంటే ముందే ఆమె గతం వచ్చి కూచుంటుంది. జరిగిన సంగతులు ఒక్కొక్కటే దబీర్‌పురా మేడమెట్లెక్కి, గుమ్మంలో చెప్పులు విడిచి, చాప మీద సర్దుకుంటాయి. ముందు జరిగిందాని చెప్పులు గోడవైపు, తర్వాతిదానివి ఇవతల. పాఠం చెప్పే మునవ్వర్ సాబ్ ఆ వరస చూసే వాక్యం కడతారు.

తాయారు నేర్చుకునేది ఒక్క ఉత్తరానికి ఫార్సీలో జవాబు రాయడం కోసం. తమ్ముడు ముకుందుడు బందర్ అబ్బాస్ రేవులో పనికి వెళ్ళి, అక్కడి పిల్ల మహనాజ్‌ని చేసుకున్నాడు. అక్కగారు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా, ఎనిమిదేళ్ళు పలకలేదు. అతను మంగళవారం పోయాడు. ఆ సంగతి తెలియక ఈవిడ బుధవారం ఫోను చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మీ కోపం ఎప్పుడు పోయిందని మహనాజ్ రాసి అడుగుతోంది.

మంగళవారం చాప మీద మర్యాదగా, తడితలతో కూచుని ఉంటుంది. బుధవారం ఫోను దాని వెనక ఆయాసపడుతూ ఉంటుంది.

“చెప్పు బిడ్డా. నేను చేరెవరకు...” అంటారు సాబ్.

“రఫ్తె బూద్,” అంటుంది తాయారు. అప్పటికే వెళ్ళిపోయి ఉన్నాడు.

సాబ్ చాయ్ కోసం లేవగానే ఆమె గుమ్మంలోకి పోయి, ఫోను ముందు పడేలా, మంగళవారం చెప్పులూ బుధవారం చెప్పులూ అటిటు మార్చేస్తుంది. ఆయన గ్లాసుతో వచ్చి చూస్తారు.

“చెప్పులు ఎవలు జరిపిన్రు?”

“నేనేనండీ. ఒక్క రోజే కదా.”

“ఒక్క దినమైనా దినమే. ఎన్కకు వోతే నువ్వు గూడ ఎన్కటి మనిషివే అయితవు.”

ఫోను అప్పటికే మంగళవారాన్ని దాటి సోమవారంలో మోగుతోంది.

“అక్కా!” అంటాడు ముకుందుడు.

ఎంత సంతోషమో ఆ గొంతులో. తాయారుకి కళ్ళనీళ్ళు ధారలు కడతాయి. మాట్లాడబోతుంది. కానీ అది సోమవారపు నోరు, దానికింకా కోపం దిగలేదు.

“రాంగ్ నంబరండీ,” అంటుంది నోరు.

“సరే అక్కా,” అంటాడతను.

తాయారు ఆ నోటిని ఊడదీసి అరచేతిలో పెట్టుకుంటుంది. ఏం చెయ్యాలో తెలియదు. మంగళవారం లేచొచ్చి ఆమె పక్కన కూచుని, ఉద్ధరిణెతో ఆ నోట్లో తులసితీర్థం పోస్తుంది. ఒక్కో గుక్కకీ నోరు చిన్నదవుతుంది. పాలపళ్ళు మొలుస్తాయి. పెదవులకి, చిన్నప్పుడు ఆమె తమ్ముడికి తినిపించిన పెరుగన్నం మెతుకులు అంటుకుంటాయి.

“అక్కా,” అంటుంది అది, ముద్దముద్దగా. బదులు పలకడానికి తాయారుకి నోరు లేదు.