మధ్యాహ్నం పోసిన స్లాబు

డాన్స్ టీచర్ ఇంటికి స్లాబు పోస్తున్నది మేస్త్రి. కాంక్రీటు పరీక్షలు చేసేది అతని మేనకోడలు. ముందుగది పొద్దున ఆరింటికే పోసేశారు. డాన్సు క్లాసులకి అనుకున్న హాలు మొదలుపెట్టబోతుంటే మిక్సరు మొరాయించింది. బాగయ్యేసరికి ఒంటిగంట. కంకర ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది.

"రేపు పొద్దున పోద్దాం మామయ్యా. వేడిలో పోస్తే తొందరగా గట్టిపడుతుంది గానీ తర్వాత బలం పెరగదు."

"గట్టిపడటమేగా మనకి కావలసింది," అని మేస్త్రి పోసేశాడు.

ఆమె రెండింటి కాంక్రీటుతోనూ క్యూబులు, అంటే పరీక్షకి చిన్న దిమ్మలు, పోసి, దేనివి దాని స్లాబు మీదే పెట్టింది. స్లాబుకి ఏం జరిగితే వాటికీ అదే జరగాలని.

మూడో రోజు కొన్ని దిమ్మల్ని మిషన్లో నొక్కితే బలం ముందుగదిది పదమూడు, హాలుది పదిహేడు వచ్చింది. ఆ అంకెలు ఆమె రాసిచ్చిన చీటీని మేస్త్రి చొక్కా జేబులో పెట్టుకుని, కనిపించిన ప్రతివాడికీ చూపించాడు. హాలు ఎలాగూ రాయిలా ఉందని, నీళ్లు పట్టేవాణ్ణి వేరే పనికి పంపేశాడు. ముందుగది మాత్రం తడిగోనెల కింద రెండు వారాలు ఉంది.

"హాలు ఎండిపోతోంది మామయ్యా."

"నీ చీటీయేగా చెప్పింది!"

ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ నొక్కారు. కావలసింది ఇరవై అయిదు. ముందుగది ఇరవై తొమ్మిది. హాలు పంతొమ్మిది.

మేస్త్రి మిషను చెడిందేమో అన్నాడు. ఇంజనీరు వచ్చి హాలు స్లాబు నుంచే రెండు ముక్కలు కోసి తీయించి వేరే మిషన్లో పరీక్షించాడు. అక్కడా తక్కువే వచ్చింది, మిషను చెడలేదు. హాలు నడిమధ్యన స్తంభం వెయ్యాలని తేల్చాడు.

డాన్స్ టీచర్‌కి ఎవరు చెప్పాలన్న మాట వచ్చినప్పుడు అందరూ చెప్పులు చూసుకున్నారు. చివరికి మేస్త్రే వెళ్లాడు. మిక్సరు మీదకీ ఎండ మీదకీ తోసెయ్యొచ్చు. అలా చెయ్యలేదు.

"మా అమ్మాయి వద్దంది. నేనే తొందరపడి పోశాను. నీళ్లూ పట్టించలేదు. నా తప్పేనమ్మా."

ఆవిడ స్తంభం రాబోయే చోటు చుట్టూ ఒకసారి తిరిగింది.

"కాస్త పక్కకి జరపొచ్చా?"

"కుదరదమ్మా."

"పైన గెంతితే?"

"ఎంతైనా గెంతండి. కింద స్తంభం ఉంటుందిగా."

ఆవిడ తలెత్తి పైకప్పు వైపు చూసింది. తర్వాత క్లాసులు పై అంతస్తులో పెట్టుకుంటానంది. అక్కడ స్తంభం రాకుండా చూడమంది.

పై స్లాబు తెల్లవారుతుండగానే పోశారు. కంకర ముందురోజే తడిపి, పట్టా కప్పి ఉంచారు. గోనెలు మేస్త్రే పరిచాడు. రోజుకి నాలుగుసార్లు తానే ఎక్కి నీళ్లు పట్టాడు. మోకాళ్లు నొప్పని ఇంట్లో చెప్పాడు, పనిలో చెప్పలేదు.

పద్నాలుగో రోజు మేనకోడలు పైకొచ్చింది. "ఇక చాలు మామయ్యా."

"చాలని రాసివ్వు."

రాసిచ్చింది. అతను చదివి, మడిచి, సాయంత్రం మరోసారి తడిపాడు.